జీడికి ఆఖరి సూది

సిట్టీ,

నువ్వు లేవని తెలిసి కూడా నా నోరు ముందు ఆ పేరే పిలుస్తాది. పొద్దున్న పొయ్యి ముట్టించగానే "సిట్టీ, లేచావా?" అని ఒక కేక వెయ్యడం నాకు అలవాటు. కేక వేసేశాక గుర్తొస్తాది. అప్పుడు మీ అయ్య వాకిట్లో ఏ పని చేస్తన్నా ఆపేసి, నా వైపు చూడకుండా నిలబడిపోతారు.

చదివేవాళ్ళకి చెప్తన్నాను. మా అమ్మాయి పోయింది. పొలాల్లో ఉబాలు సాగుతున్నాయి, ఊళ్ళో ఆడోళ్ళందరూ వరి నాట్లలో వంగి ఉన్నారు, ఆ వేళప్పుడు పోయింది. కబురు అందరికీ ఫోన్లో వెళ్ళింది. నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆసుపత్రిలో ఆ డయాలసిస్ మిషను పక్కన స్టూలు మీద నేనే కూర్చున్నాను. బీపీ పడిపోయిందన్నారు. సిస్టర్లు పరిగెత్తుకొచ్చారు, చెయ్యగలిగిందంతా చేశారు. నన్ను బయటికి వెళ్ళమన్నారు, నేను వెళ్ళలేదు. దాని కాళ్ళు పట్టుకుని అక్కడే ఉన్నాను. కాళ్ళు ముందు చల్లబడ్డాయి.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. నేను అయిదో తరగతి దాకా చదివాను. కాయితం మీద ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కాలేజీలో దానితో చదివిన పిల్లలు, ఆసుపత్రి బల్లల మీద మాతోపాటు కూర్చునేవాళ్ళు ఫోన్లు చేస్తన్నారు. "అమ్మా, ఆఖరి రోజుల్లో ఎలాగుండేది? ఏమనేది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పాలంటే ప్రతిసారీ మొదటినుంచీ పోగొట్టుకున్నట్టు ఉంటాది. అందుకని ఒక్కసారే రాస్తన్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

కిడ్నీలు పాడవడం మా జిల్లాకి కొత్త జబ్బు కాదు. ఎండలో వంగి వంగి పని చేసిన పెద్దోళ్ళకి వస్తాదిలే అనుకునేవాళ్ళం. డిగ్రీ చదువుతున్న పిల్లకి వస్తాదని ఎవరనుకుంటారు? కాళ్ళు వాచాయి, ముఖం వాచింది, కొత్త చెప్పులు బిగుతయ్యాయని గొడవ పెట్టింది. నేను చెప్పుల కొట్టువాడిని తిట్టుకున్నాను. తరవాత పరీక్షలు, తరవాత మిషను. ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపారు, సూదులు గుచ్చడానికి వీలుగా. ఆ చేతి మీద చెవి పెడితే జుయ్యిమని మోత వినిపించేది. "అమా, నా సేతిలో తేనెపట్టు ఉన్నాది, సూడు" అని నవ్వేది. ఆ చెయ్యికి దెబ్బ తగలకూడదు, గీరుకోకూడదు, దాని మీద బరువు పడకూడదు. ఇంట్లో మేము ఆ చేతిని పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాం.

సిస్టర్లతో అది ఎప్పుడూ ఒకటే అడిగేది. "నాకు సెప్పి గుచ్చండి సిస్టరూ. నొప్పి పరవానేదు. సెప్పకుండా గుచ్చితేనే బయం." వాళ్ళు కూడా పాపం, ఎంత పనిలో ఉన్నా "ఇదిగో గుచ్చుతున్నా" అని చెప్పే గుచ్చేవారు.

ఇప్పుడు కుక్కపిల్ల సంగతి చెప్పాలి. మా గుంట, అదే మా పిల్ల, దాని ఆఖరి రోజులంటే ఆ కుక్కపిల్లే.

మా ఊరి రైసుమిల్లు గోడ వెనక ఊక కుప్పలో ఒక ఊరకుక్క ఈనింది. మిషనుకి వెళ్ళే రోజుల్లో మా ఆటో అటే వెళ్తాది. మా అమ్మాయి మెడ బయటికి పెట్టి పిల్లల్ని చూసేది. తొలకరి వానలు పడ్డాక ఆ పిల్లలకి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. వెళ్ళిన ప్రతిసారీ ఒకటో రెండో తగ్గిపోయేవి. చివరికి ఒక్కటే మిగిలింది, జీడిపిక్క రంగుది. తల్లి దాన్ని కూడా ఒగ్గేసి ఎటో పోయింది.

"అమా, అదొక్కటీ సచ్చిపోద్దే" అంది ఆటోలో.

"నీకు నువ్వే భారంగా ఉంటే దానికి ఎవరే సేసీది?" అన్నాను.

"నాకు నువ్వు సేస్తన్నావు. దానికి నాను సేస్తాను. నీకు పనేటి పెరిగినాది?"

దానికి ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. కానీ భయం ఉంది. మిషను దగ్గర సిస్టరు గట్టిగా చెప్పింది. "తెచ్చుకుంటే తెచ్చుకో. దానికి టీకాలన్నీ పూర్తయ్యేదాకా నీ ఒంటి మీదకి మాత్రం రానివ్వకు. నీ ఒంట్లో బలం లేదు. చిన్న గోరు గీరుకున్నా నీకు కష్టమే."

"అన్నీ పూర్తయినాక?"

"పూర్తయ్యాక ఒళ్ళో పడుకోబెట్టుకో, నేనేమీ అనను."

ఆ ఒక్క మాట చాలింది దానికి. ఆ రోజునుంచి మా గుంట తన సూదులు లెక్క చూసుకోవడం మానేసి, కుక్కపిల్ల సూదుల కోసం రోజులు లెక్క చూసుకునేది.

వాళ్ళ మేనత్త, అంటే మా ఆయన అక్క, మా పక్కింట్లోనే ఉంటాది. కుక్కపిల్లని చూడగానే చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"కుక్కపిల్లేటే? అదీ ఆడది! రేపొద్దున్న ఊళ్ళో మగకుక్కలన్నీ మీ వాకిట్లో సబ పెడతాయి, సూసుకో."

"పెట్టనీ అత్తా. మనింటికి సుట్టాలు రావడం మానీసి సానాళ్ళయినాది" అంది మా అమ్మాయి.

మా వదిన మూతి మీది చెంగు దించేసింది. ఆ మాట నిజం. జబ్బు ఇల్లని తెలిశాక మనుషులు గుమ్మం దాకా వచ్చి పలకరించి వెళ్ళిపోయేవారు.

కుక్కపిల్లకి జీడి అని పేరు పెట్టింది మా గుంట. పాత వెదురు గంపలో గోనె పరిచి, గంపని మంచం పక్కన పెట్టుకుంది. మంచం మీద అది, కింద గంపలో ఇది. ముట్టుకోవడం లేదు. కర్ర చివర పాత గుడ్డ కట్టి ఊపుతూ ఆడించేది. కుక్కపిల్ల ఆడి ఆడి అలిసిపోయి గంపలో కూర్చున్నప్పుడు, మా గుంట ఎడమ చెయ్యి మంచం పట్టె మీద పెట్టేది, కిందికి వేలాడనిచ్చేది కాదు. ఆ చేతి మోత కుక్కపిల్లకి వినిపించేదనుకుంటాను. తల ఇటు వాల్చి, అటు వాల్చి, చెవులు లేపి చేతివైపే చూసేది. "ఇనపడతన్నాదా? తేనెపట్టు. సూది అయినాక దగ్గిరగా ఇందువు గాని" అని దానితో మాట్లాడేది. ముద్దు పెట్టుకోవాలని మొహం కిందికి వంచి, గుర్తొచ్చి ఆగిపోయేది. "ముందు సూది, తరవాత ముద్దు" అనేది. అది దాని ఊతపదం అయిపోయింది. ఇంట్లో ఏ పనికైనా అదే అనేది. వాళ్ళయ్య పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా మంచం మీద కూర్చుంటే "ముందు సూది, తరవాత ముద్దు" అని నూతి వైపు వేలు చూపించేది.

మా గుంటకి ఉప్పు పడదు. కూర నేను రెండు గిన్నెల్లో వండేదాన్ని, మాకొకటి, దానికొకటి. కుక్కకి కూడా ఉప్పు పెట్టకూడదని ఫోన్లో ఎక్కడో చూసింది. "అయితే నాదీ దానిదీ ఒకే వంట" అని సంబరపడింది. తన అన్నంలోంచే ఒక ముద్ద తీసి గంప దగ్గర చిప్పలో వెయ్యమనేది. జబ్బు వచ్చాక దానితో కలిసి ఒకే వంట తిన్న ప్రాణి ఆ కుక్కపిల్ల ఒక్కటే. ఉప్పు లేకుండా తినడానికి నేనూ కొన్నాళ్ళు చూశాను. అదే ఊరుకోలేదు. "నాకు నేదని నీకెందుకే ఆ సిచ్చ?" అని నా కంచం పక్కన ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది.

మొదటి సూది కథ మీకు చెప్పాలి. అది తలుచుకుని తలుచుకుని నవ్వేది.

రక్తవిరేచనాలు రాకుండా వేసే మందు పశువుల ఆసుపత్రిలో అన్ని వేళలా ఉండదు, శ్రీకాకుళంలో మందుల షాపులో కొని ఐసులో పెట్టి తెమ్మన్నారు డాక్టరు బాబు. మా ఆయన వెళ్ళారు. షాపువాడు సీసాని ఐసుతో పాటు ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చాడు. బస్సులో ఐసు కరిగి పక్కావిడ చీర మీద కారింది. ఆవిడ తిట్టింది, కండక్టరు తిట్టాడు. మా ఆయన ఏం చేశారు? ఐసు కిటికీలోంచి పారబోసి, సీసాని తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, పంచె రొంటిన దోపుకుని, పైన మొలతాడు బిగించి, దాని మీద చెయ్యి వేసుకుని ఇంటిదాకా వచ్చారు. మా వైపు మగాళ్ళు పోకూడనిది ఏదైనా రొంటిన దాచుకుంటారు. పొగాకు, బీరువా తాళం, డబ్బు, అన్నీ అక్కడే. అంతకంటే భద్రమైన చోటు ఆయనకి తెలీదు.

"ఇంద. ఒక్క సుక్క ఒలకనీనేదు. పొడిపొడిగా తెచ్చినాను" అని కూతురి చేతిలో పెట్టారు.

మా గుంట సీసా పట్టుకుని చూసి, వాళ్ళయ్య మొహం చూసింది.

"అయ్యా, ఇదేటి, కుంపట్లో కాల్సిన సిలగడదుంపలాగున్నాది!"

"మరి సలవ సెయ్యకుండా తెచ్చినాను కదే. సలవ సేస్తే పిల్లకి జలుబు సెయ్యదా?"

అది నవ్వింది. ఊపిరి అందకుండా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొస్తే నేను వీపు నిమిరాను. ఆ మందు పనికిరాదని డాక్టరు బాబు చెప్పారు. మా ఆయన అలిగి గోడవైపు తిరిగి కూర్చున్నారు. మా గుంట ఆయన పక్కన కూర్చుని, "నా కోసం నువ్వు తెచ్చిన మందుల్లో ఎచ్చగా వచ్చింది ఇదొక్కటే అయ్యా" అంది. ఆయన కోపం అలా పోయింది.

రెండోసారి టీ ఫ్లాస్కు ఇచ్చి పంపింది. లోపల ఐసు ముక్కలు, వాటి మీద కాయితం చుట్టిన సీసా పెట్టమని షాపువాడితో ఫోన్లో మాట్లాడింది. బస్సు ఎక్కాక ఆయనకి ఫోను మీద ఫోను.

"అయ్యా, మూత తియ్యకు."

"తియ్యనేదు గాని, లోపల బాగున్నాదో నేదో ఎలాగ తెలుస్తాది?"

"తియ్యకపోతే బాగుంటాది."

"ఒక్కసారి సూసి మూసీనా?"

"అయ్యా!"

అలా వచ్చింది మొదటి సూది. కోటబొమ్మాళి పశువుల ఆసుపత్రికి మా గుంట తనే వచ్చింది, మిషను లేని రోజు చూసుకుని. గంపని నేను పట్టుకున్నాను. డాక్టరు బాబు సూది తీస్తుంటే "దానికి సెప్పి గుచ్చండి బాబూ" అంది. ఆయన కుర్రాడు, ముందు నవ్వాడు. తరవాత మా గుంట చేతి మీద ఆ పొంగిన నరాలు చూసినట్టున్నాడు. నవ్వు ఆపి, కుక్కపిల్ల చెవి దగ్గరికి వంగి "ఇదిగో గుచ్చుతున్నానమ్మా" అన్నాడు. గుచ్చాడు. అది కుయ్యిమంది. అంతే.

రెండో విడత కొన్ని వారాల తరవాత. దాంతో పాటే పిచ్చికుక్క రోగం రాకుండా వేసే సూది కూడా. ఇంకా ఇద్దరు ముగ్గురు కుక్కల్ని తెస్తామన్నారని, అందరికీ కలిపి ఫలానా రోజు మందు తెప్పిస్తానని, సీసా విప్పితే దాచడానికి ఉండదని, ఆ రోజు తప్పకుండా రమ్మని చెప్పాడు. అది ఆఖరిది. దాని తరవాత కొన్నాళ్ళకి కుక్కపిల్ల మంచం ఎక్కొచ్చు.

మా గుంట మిషను మీద ఉండగానే ఆ సంగతి గుర్తు చేసింది నాకు. "ఆ రోజు నాకు మిసను పడింది అమా. నువ్వూ అయ్యా తీసుకెల్లండి. సిస్టర్లున్నారు, నాను ఒక్కద్దాన్నే ఉంటాను." నేను సరే అన్నాను. ఇంకేమీ చెప్పలేదు అది. తను పోతే ఏం చెయ్యాలో ఏ రోజూ చెప్పలేదు. దాని గురించి మాట్లాడితే నేను లేచి వెళ్ళిపోతానని దానికి తెలుసు.

ఆ రోజు రాకముందే అది పోయింది.

పెళ్ళికాని పిల్ల కాబట్టి కర్మ చిన్నదే అన్నారు పెద్దలు. కర్మ చిన్నదైనా మైల మైలే కదా. పొయ్యి వెలిగించకూడదు, గుమ్మం దాటకూడదు, ఒకరింటికి వెళ్ళకూడదు, ఒకరిని ముట్టుకోకూడదు. అది పడుకున్న మంచం, పక్కబట్టలు తీసుకెళ్ళి ఊరి బయట వదిలేశారు. మా ఆచారం అది, నేను అడ్డు చెప్పలేదు. మంచం ఎత్తుతుంటే కింద గంపలోంచి కుక్కపిల్ల లేచి, మంచం కాళ్ళ వెంట గుమ్మం దాకా వెళ్ళింది. ఎవరో కాలితో లోపలికి తోశారు. మంచం ఉన్న చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. అది వచ్చి ఆ నాలుగింటి మధ్య పడుకుంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళ కళ్ళు దాని మీద పడ్డాయి. మాటలు మొదలయ్యాయి. ఆ కుక్క వచ్చాకే పిల్లకి ఎక్కువైందట. తల్లినీ తోడబుట్టినవాటినీ మింగి వచ్చిందట. నా ముందు అనరు, గోడ అవతల అంటారు. గోడ మాది మట్టిది, అన్నీ వినిపిస్తాయి. మా వదిన ఒక్కతే నా ఎదురుగా అంది.

"ఓలమ్మీ, నా మాటిను. సంతరోజు దాన్ని ఎవలో ఒకలికిచ్చీ. నేదా, మిల్లు కాడ ఒగ్గీ. ఎక్కడిది అక్కడికి పోతాది."

నిజం చెప్తాను, నాకూ ఆ కుక్క మీద ప్రేమ పొంగి పొర్లలేదు. దాన్ని చూస్తే ఒక్కోసారి ఒళ్ళు మండేది. దాని రోగానికి రోగం రాకముందే వేసే సూది ఉంది. డాక్టరు ఫలానా రోజు రమ్మంటాడు, వేస్తాడు, ఇంక ఆ రోగం రాదు. నా పిల్లకి అన్ని సూదులు గుచ్చారు, అన్నీ రోగం వచ్చాక గుచ్చినవే. ముందు వేసేది ఒక్కటుంటే ఏ ఊరికైనా వెళ్ళి తెచ్చేవాళ్ళం కాదా? మా ఆయన రొంటినే తెచ్చేవారో, గుండెల మీదే తెచ్చేవారో. ఈ మాట ఎవరిని అడగాలో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు.

డాక్టరు చెప్పిన రోజు మైల ఇంకా తీరలేదు.

పొద్దున్న మిల్లు వైపు నుంచి వచ్చిన ఒకావిడ, అక్కడ ఇంకో ఈతలో పిల్లలకి అదే రోగం పట్టుకుందని చెప్పి వెళ్ళింది. ఆవిడ మామూలుగానే చెప్పింది. నేను లేచి గంప తీశాను. కుక్కపిల్లని గంపలో పెట్టి, పైన పాత చీర ముక్క కట్టాను. వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మా వదిన రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఎక్కడికే?"

"కోటబొమ్మాలి."

"ఓలమ్మో! మైల్లో పొలిమేర దాటతావా? అదీ కుక్కకోసం! కూతురు పోయి దినాలు తీరనేదు, కుక్కని సంకనెట్టుకుని ఊరేగతన్నాదని రేపు నలుగురూ అనరా?"

"అననీ."

"ఆ సూది తరవాత ఏయించొచ్చు."

"తరవాత మందుండదు వదినా. ఈ రోజే."

"నేకపోతే పోద్ది. కుక్కే కదే!"

నాకు అప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "నా గుంట నాకు సెప్పిన పని ఇదొక్కటే మిగిలున్నాది వదినా. ఇంకేటీ సెప్పి పోనేదది. ఇది కూడా సెయ్యకపోతే నాకు సెయ్యడానికి ఇంకేటున్నాది?"

మా వదిన చేతులు దించలేదు. అప్పుడు వెనకనుంచి బండి చప్పుడైంది. మా ఆయన పాత మోపెడ్డు బయటికి తీస్తన్నారు. కూతురు పోయినప్పటినుంచి ఆయన నాతో అరడజను మాటలు కూడా మాట్లాడలేదు. బండి మా ఇద్దరి మధ్యకి తెచ్చి ఆపి, "ఎక్కు" అన్నారు.

"ఒరే తమ్ముడా, నువ్వూనా?" అంది మా వదిన.

"పక్కకి జరుగప్పా" అన్నారు. అంతే.

దారంతా గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేలల్లో ఆడోళ్ళు నడుములు ఎత్తి చూశారు. ఎవరూ పిలవలేదు. మైల బట్టలు చూస్తే తెలిసిపోతాది.

ఆసుపత్రి మెట్లు నేను ఎక్కలేదు. మైలలో లోపలికి రావడం వాళ్ళకి ఇబ్బందేమోనని కింద చెట్టు దగ్గరే నిలబడ్డాను. డాక్టరు బాబు బయటికి వచ్చి "లోపలికి రండమ్మా, ఆ అమ్మాయి రాలేదా?" అని అడిగాడు. మా ఆయన తల దించుకున్నారు. నేనే చెప్పాను. ఆ కుర్రాడు లోపలికి వెళ్ళాడు. తరవాత మందు, సూది పట్టుకుని తనే చెట్టు కిందికి వచ్చాడు.

రెండు సూదులు. నేను కుక్కపిల్ల మెడ పట్టుకున్నాను. అది వణుకుతోంది. ఆయన సూది ఎత్తి ఆగాడు. నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేనని నాకు అర్థమైంది. కుక్కపిల్ల మెడ వదలకుండా మా ఆయన వైపు చూశాను. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గంపలోకి వంగారు. "జీడమ్మా, ఇదిగో గుచ్చతన్నారు. బయం నేదు" అన్నారు. అచ్చం సిస్టర్లు మా గుంటకి చెప్పినట్టే. ఈ మాటలు ఆయన ఎప్పుడు విన్నారో ఏమో. మిషను ఆసుపత్రిలో ఆయన ఎప్పుడూ గది బయటే ఉండేవారు, సూది గుచ్చడం చూడలేనని. తలుపు అవతలినుంచి అన్నీ విన్నారన్నమాట.

"ఈ పూట మగతగా ఉంటాది, తిండి తినకపోవచ్చు. కంగారు పడకండి. రేపటికి కూడా అలాగే ఉంటే తీసుకురండి. కొన్నాళ్ళు తలకి పోయకండి, ఊరకుక్కల మధ్యకి వదలకండి" అన్నాడు డాక్టరు.

కంగారు పడొద్దంటే ఎలాగ? ఇంటికి తెచ్చి, మంచం కాళ్ళ గుర్తుల మధ్య గోనె పరిచి పడుకోబెట్టాను. కదల్లేదు. మూతి వెచ్చగా ఉంది. నీళ్ళు పెట్టాను, ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది. పెరుగన్నం కలిపి పెట్టాను, మొహం తిప్పుకుంది. మా వదిన గుమ్మంలోంచి చూసి, "అదీ పోతన్నాదేటి?" అంది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు, భయమే ఉంది. నేనే చంపేశానా, మైల్లో తీసుకెళ్ళి? ఈ మందు కూడా బాగున్నదో లేదో? అది అప్పగించిన ఒక్క ప్రాణిని కూడా నిలబెట్టలేని చేతులా నావి? అలాంటివే అనుకుంటూ కూర్చున్నాను. దాని పక్కటెముకలు లేస్తన్నాయా, పడతన్నాయా అని చూస్తూ. అలా చూడడం నాకు కొత్త కాదు. నెలల తరబడి మంచం మీద అదే చూశాను.

పొద్దు వాలుతుండగా కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, పక్కనున్న అన్నం చిప్పని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. తినలేదు. నేను చిప్ప ముందుకి జరిపాను. తినలేదు. ఏమీ తోచక, దానికి ఎలా చెప్పాలో తెలీక, చిప్పలోంచి ఒక ముద్ద తీసి నేను నోట్లో పెట్టుకున్నాను. పసిపిల్లలకి చేస్తాం కదా, "సూడు, అమ్మ తింటన్నాది" అని. అలాగ.

కూతురు పోయాక నేను తిన్న మొదటి ముద్ద అది అని మా వదిన తరవాత చెప్పింది. పక్కిళ్ళ వాళ్ళు తెచ్చి పెట్టిన అన్నాలు అలాగే ఎండిపోయేవట. నాకైతే తెలీదు. ఆకలి ఉందో లేదో చూసుకోవడం మర్చిపోయాను. ఆ ముద్ద మింగేసరికి కడుపు ఎంత గట్టిగా నొప్పెట్టిందంటే గోడకి ఆనుకోవాల్సి వచ్చింది. ఇంకో ముద్ద తిన్నాను. తింటూ ఏడ్చాను. తిండి సహించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు.

కుక్కపిల్ల లేచింది. కాళ్ళు తడబడుతూ వచ్చి, చిప్పలో మూతి పెట్టింది. ఒక పక్కనుంచి అది, ఒక పక్కనుంచి నేను. చిప్ప ఖాళీ అయిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మా వదిన వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. కాసేపటికి వాళ్ళింట్లోంచి గిన్నెతో అన్నం, గరిటెతో పప్పు తెచ్చి, మైలని కూడా చూడకుండా నా పక్కన నేల మీద కూర్చుంది. "ఇంద, ఆ చిప్పలోది నీకేటి సరిపోద్ది?" అని కంచం తీసి నాకు వడ్డించింది. తరవాత కొంచెం విడిగా చేత్తో తీసి, పప్పు తగలకుండా చూసుకుని, కుక్కపిల్ల ముందు పెట్టింది.

ఇప్పుడు జీడి బాగానే ఉంది. సూదులన్నీ అయిపోయాయి. ఎవరి ఒళ్ళోనైనా ఎక్కొచ్చు. మా ఆయన ఒళ్ళో ఎక్కుతాది, మా వదిన ఛీ అంటూనే ఉంటాది, ఆవిడ చెంగు మీదే పడుకుంటాది. నా ఒళ్ళోకి వచ్చినప్పుడు మాత్రం నా ఎడమ చెయ్యి మీద తల పెట్టి, చెవులు లేపి కాసేపు చూస్తాది. నా చేతిలో ఏ మోతా లేదు. కాసేపు విని, అక్కడే నిద్రపోతాది. నేను చెయ్యి తియ్యను, తిమ్మిరెక్కినా.

ఇంతకంటే నాకు రాయడం రాదు. మా గుంట గురించి ఫోను చేసి అడిగినవాళ్ళందరికీ ఇదే జవాబు. ఇది చదివి మీకు మనసు బాగోకపోతే, అలాగే కూర్చుండిపోకండి. లేచి, ఇంట్లో ఉన్నది ఏదైనా సరే, పెట్టుకుని కడుపునిండా తినండి.